జామాయిల్ కొమ్మలు దించడానికి పొడుగు రంపం (టెలిస్కోపిక్ పోల్ సా) – వాడి చూశాక నా రివ్యూ

మా అశ్వారావుపేట, దమ్మపేట వైపు జామాయిల్ (యూకలిప్టస్) వేసినోళ్ళలో ఈ మధ్య కొంతమంది తోట మొత్తం మిల్లుకి కొట్టించెయ్యకుండా, నిటారుగా ఎదిగిన మంచి మాన్లు కొన్ని ఏరి పదేళ్ళు పన్నెండేళ్ళు ఉంచి కోత కలపకి అమ్ముదాం అనుకుంటున్నారు, నేనూ అదే ఆలోచనలో ఉన్నా, అలాంటోళ్ళకి పనికొస్తదని ఈ రివ్యూ రాస్తున్నా. నాలుగైదేళ్ళకి నరికి టన్నుల లెక్కన పేపర్ మిల్లుకి పంపేవాళ్ళకి ఈ రంపం అసలు అక్కర్లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మిల్లులో కర్రని చిప్స్ కింద కొట్టేస్తారు, అందులో ముడి (కొమ్మ ఉన్న చోట కర్రలో పడే గట్టి మచ్చ) ఉన్నా లేకపోయినా రేటు ఒకటే, పైగా మన 3 మీటర్లు బై 2 మీటర్ల ఎడంలో ఎకరానికి 670 దాకా మొక్కలు పడతాయి కాబట్టి గుబురు కలిసిపోయి నీడకి కింద కొమ్మలు వాటంతటవే ఎండి రాలిపోతాయి. దాని కోసం కూలి పెట్టి పచ్చ కొమ్మలు కొట్టించడం డబ్బు దండగ, కర్ర బరువు కూడా తగ్గుద్ది.

నేను తీసుకున్నది ఆన్‌లైన్లో. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఒకే సరుకు నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, ఫోటోలు చూస్తే అన్నీ ఒకటే. అల్యూమినియం గొట్టం మూడు మడతలు, ఒకదాంట్లోంచి ఒకటి బయటికి వస్తది, మొత్తం లాగితే నేల మీద నిలబడి ఆరు మీటర్ల ఎత్తు దాకా అందుద్ది, చివర వంపు తిరిగిన రంపం బ్లేడు, బ్లేడు మొదట్లో చిన్న కొక్కెం. నాలుగు వేల లోపే అయింది. జపాన్ వాళ్ళవి అసలు సిసలు పోల్ రంపాలు వేరే ఉన్నాయి, వాటి పేరు చాలా గొప్పగా చెప్తారు గానీ రేటు దీనికి ఎన్నో రెట్లు, పదీ ఇరవై ఎకరాలు ఉన్నోళ్ళు వాటి గురించి ఆలోచించొచ్చు.

ముందు మంచి సంగతులు. కోత నిజంగా బాగుంది. ఈ బ్లేడు తోస్తే తెగదు, కిందకి లాగినప్పుడే తెగుద్ది, పళ్ళు అలా పెట్టారు, అది తెలియక కొందరు బలంగా పైకి తోసి బ్లేడు వంచేసుకుని సరుకు బాలేదని ఒక స్టార్ ఇస్తున్నారు, అది అన్యాయం. లాగుడు కోత కాబట్టి మన ఒంటి బరువే సగం పని చేస్తది. బొటనవేలు లావు కొమ్మ నాలుగైదు లాగుళ్ళకి పడిపోద్ది, అంతకి రెట్టింపు లావుదైనా ఓపిగ్గా కోస్తే వస్తది. ఆ పైన లావుంటే రంపం తప్పు కాదు, మనం ఆలస్యంగా వచ్చామని అర్థం, ఎందుకో కింద చెప్తా.

అన్నిటికంటే నాకు నచ్చింది కోత ఎక్కడ పడుద్దో మనమే చూసి పెట్టుకోవచ్చు. మా దగ్గర ఇప్పటిదాకా కొమ్మలు కొట్టడం అంటే కత్తి లేదా దోటికి కట్టిన కొడవలి, కొడవలి పెట్టి గుంజితే కొమ్మ తెగుద్ది గానీ దాంతో పాటు కాండం మీద బెరడు జానెడు పొడుగు చీరుకుని వచ్చేస్తది. జామాయిల్ బెరడు సంగతి తెలిసిందే కదా, పట్టు దొరికితే చీలికలుగా ఊడొస్తది. ఆ చీరుకున్న చోట ఎర్రగా బంక కారుద్ది, బూజు పట్టుద్ది, లోపల కర్రకి పుచ్చు దిగుద్ది, పదేళ్ళ తర్వాత కోత మిషన్ మీద పెడితే ఆ మచ్చ అక్కడే ఉంటది. కత్తి అయితే ఇంకో బాధ, ఒక దెబ్బకి కాండంలోకి దిగుద్ది, ఇంకో దెబ్బకి జానెడు మోడు మిగులుద్ది. మోడు మిగిలితే చెట్టు లావెక్కేటప్పుడు ఆ ఎండు ముక్కని మింగేసుకుంటది, పలక కోశాక అదే ఊడిపోయే ముడి అయ్యి కన్నం పడుద్ది.

రంపంతో అయితే కొమ్మ కాండాన్ని కలిసే చోట కొంచెం ఉబ్బుగా మెడలా ఉంటది చూడండి, సరిగ్గా ఆ ఉబ్బు అవతల కోయొచ్చు. ఉబ్బుని కొయ్యకూడదు, గాయం మూసుకునే కణజాలం అక్కణ్ణుంచే వస్తది, అలాగని ఉబ్బు దాటి దూరంగా కూడా కొయ్యకూడదు. బరువు కొమ్మ అయితే ముందు అడుగు వైపు కొంచెం గాటు పెట్టి ఆ తర్వాత పైనుంచి కొయ్యాలి, అప్పుడు పడేటప్పుడు బెరడు లాక్కుపోదు. ఈ రంపం చివర కొక్కెం ఉంది కదా, అడుగు గాటు దాంతో పెట్టొచ్చని బాక్స్ మీద బొమ్మ వేశారు, అది సన్న కొమ్మకే గానీ లావు దానికి పనికిరాదు. లావు దానికి ముందు కాండానికి ఒక అడుగు ఎడంగా కోసి బరువు దించేసి, తర్వాత మిగిలిన ముక్కని ఉబ్బు దగ్గర శుభ్రంగా కోసుకోవడం మేలు. రెండు కోతల పని, టైం పడుద్ది, కానీ అలాగే చెయ్యాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. రంపం గురించి ఎన్ని చెప్పినా ఎంత కొయ్యాలో తెలియకపోతే ఈ రంపమే తోటకి చేటు. చేతిలో ఆరు మీటర్లు అందే సాధనం ఉంటే కూలీ వాళ్ళు అందినంత మేర కొట్టుకుంటా పోతారు, వాళ్ళకి చెట్టు లెక్కన గుత్త ఇస్తే మరీను. అప్పుడు చెట్టు తోక మీద గుప్పెడు ఆకులతో నిలబడుద్ది. చూడ్డానికి తోట శుభ్రంగా ఉంటది, గట్టు మీద నిలబడి చూసినోళ్ళు భలే చేయించావు అంటారు, చెట్టు మాత్రం ఆగిపోద్ది.

నేను పట్టుకున్న లెక్క ఇది. చెట్టు మొత్తం ఎత్తు చూడొద్దు, పచ్చ గుబురు ఎత్తు చూడండి, అంటే అన్నిటికంటే కింద ఉన్న పచ్చ కొమ్మ నుంచి మొగ (చెట్టు కొస చిగురు) దాకా. ఉదాహరణకి చెట్టు 8 మీటర్లు ఉంది, కింద 2 మీటర్ల దాకా కొమ్మలు ఎండిపోయాయి అనుకుందాం, పచ్చ గుబురు 6 మీటర్లు. అందులో మూడో వంతు అంటే 2 మీటర్లు తియ్యొచ్చు, అంటే నేల నుంచి 4 మీటర్ల దాకా కొట్టి ఆపెయ్యాలి. రంపం ఇంకా పైకి అందుతున్నా సరే ఆపెయ్యాలి. ఏడాది గడిచి పైన కొత్త గుబురు వచ్చాక మళ్ళీ లెక్క చూసుకుని ఇంకో విడత. అలా రెండు మూడు విడతల్లో ఆరు మీటర్లకి పోవాలి గానీ ఒకేసారి కాదు.

మూడో వంతే ఎందుకు అంటే, ఆస్ట్రేలియాలో టాస్మేనియా అని దక్షిణాన ఒక ద్వీపం ఉంది, అక్కడ నైటెన్స్ అనే రకం జామాయిల్‌ని కోత కలప కోసమే తోటలుగా పెంచుతారు, అక్కడ 6.4 మీటర్ల ఎత్తు దాకా విడతలుగా కొమ్మలు దించడం మామూలు పద్ధతి. ఎంత కొడితే ఎదుగుదల తగ్గుద్దని 1990ల్లో వాళ్ళు తోటల్లోనే కొట్టి కొలిచి చూశారు. పచ్చ గుబురు ఎత్తులో సగం తీసేసినా ఎత్తులో గానీ లావులో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, 70 శాతం తీసేసినప్పుడు మాత్రం ఎదుగుదల దెబ్బతిన్నది. కారణం కూడా తేల్చారు, గుబురు కలిసిన తోటలో అడుగు కొమ్మల ఆకులకి ఎండ తగలదు, అవి చెట్టుకి పెట్టేది తక్కువ, వాటిని తీసేశాక పైన మిగిలిన ఆకులు ముందుకంటే ఎక్కువ పనిచేసి ఆ లోటు పూడుస్తాయి. అయితే ఆ పూడ్చుకునే శక్తికి ఒక హద్దు ఉంది, ఆ హద్దు దాటితే చెట్టు ముందు ఆకులు పుట్టించుకోవడానికి చూస్తది, కాండం లావెక్కడం వెనకపడుద్ది.

మరి వాళ్ళు సగం అన్నారు కదా నువ్వు మూడో వంతు అంటున్నావేంటి అని అడగొచ్చు. వాళ్ళది చల్లటి, వానలు బాగా పడే చోటు, వాళ్ళ రకానికి గుబురు చిక్కగా ఉంటది. మన క్లోన్లు (ఒకే మంచి చెట్టు కొమ్మ ముక్కల నుంచి పెంచిన మొక్కలు) టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్ రకాల నుంచి వచ్చినవి, వీటి గుబురు పల్చన, కింద దాకా ఎండ దిగుద్ది, అంటే అడుగు ఆకులు కూడా ఇంకా ఎంతో కొంత పనిచేస్తానే ఉంటాయి. పైగా మన ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. అందుకే సగం దాకా పోయే ధైర్యం నేను చెయ్యను, మీకూ చెప్పను.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఎకరంలో అక్కడక్కడా ఏరిన చెట్లకి మాత్రమే కొమ్మలు కొట్టి, పక్క చెట్లని అలాగే వదిలేస్తే, పక్కవి గుబురుగా పెరిగి వీటి మీదకి నీడ కమ్మేస్తాయి. మనం కష్టపడి బాగుచేసిన చెట్టే వెనకబడిపోద్ది. కాబట్టి కొమ్మలు కొట్టిన చెట్టు చుట్టూ ఉన్న వంకరవి, బక్కవి తీసెయ్యాలి, వాటిని మిల్లుకి పంపుకోవచ్చు, ఆ డబ్బు ఎటూ పోదు. టాస్మేనియాలో కూడా చివరికి ఉంచేది హెక్టారుకి 300 లోపే, అంటే మన లెక్కలో ఎకరానికి 120 లోపు. 670 చెట్లకీ కొమ్మలు కొట్టించడం అనేది ఎక్కడా లేదు. ఇది తెలుసుకుంటే కూలి ఖర్చు కూడా ఎంత తగ్గుద్దో చూడండి.

మా పక్క ఊళ్ళో ఒకాయన తోట చూశాను, ఇలాంటి రంపంతోనే గుత్తకిచ్చి మొత్తం కొట్టించాడు, మొగ దగ్గర కొంచెమే మిగిల్చారు. వానలు పడగానే కాండం పొడుగునా కొత్త చిగుళ్ళు. బెరడు కింద నిద్రపోయే మొగ్గలు ఉంటాయి జామాయిల్‌కి, గుబురు పోయిందంటే అవన్నీ లేచి చిగురేస్తాయి. అంటే ఏ కొమ్మల్ని తియ్యాలని డబ్బు పెట్టాడో అంతకి రెట్టింపు సన్న కొమ్మలు వచ్చాయి. దానికి తోడు గాల్స్ పట్టుకుంది, ఆకుల ఈనెల మీద, కాడల మీద బొడిపెల్లాగా వస్తాయి చూడండి, ఆ చిన్న కందిరీగ గుడ్లు పెట్టేది లేత చిగుళ్ళలోనే. ఆయన మంచి రైతు, మనసు కష్టం అనిపించింది.

టైం విషయానికొస్తే, మొదటి విడత కొమ్మలు ఇంకా సన్నగా ఉన్నప్పుడే పడాలి. మంచి నేలలో క్లోన్ మొక్క రెండో ఏడు నిండేసరికే గుబురు కలుపుకుంటది, అడుగు కొమ్మలు రంగు మారి ఎండటం మొదలవ్వగానే అదే సమయం. కొమ్మ లావైపోయాక కోస్తే గాయం పెద్దది, మూసుకోవడానికి ఎక్కువ కాలం పడుద్ది, అంతకాలం పుచ్చుకి దారి తెరిచినట్టే. అదొక్కటే కాదు, ముడి లేని కర్ర కొమ్మ కోసిన తర్వాత పెరిగిన లావులో మాత్రమే వస్తది. కాండం నాలుగు అంగుళాలు ఉన్నప్పుడు కోస్తే నడిమధ్య నాలుగైదు అంగుళాల్లోనే ముడులు ఆగిపోతాయి, ఎనిమిది అంగుళాలు అయ్యాక కోస్తే ఇక మిగిలేదేముంది? అందుకే పైన చెప్పింది, ఈ రంపానికి తెగనంత లావు కొమ్మ కనపడితే దాన్ని వదిలెయ్యండి, ఆ చెట్టుని మిల్లు లెక్కలో వేసుకోండి.

కాలం అయితే నేను వానలు వెనకబట్టాక, కార్తీకం నుంచి సంక్రాంతి లోపు చేయిస్తా. వానల్లో కోస్తే తడి గాయానికి బూజు తొందరగా పట్టుద్ది, ఎండలు ముదిరాక కోస్తే చెట్టుకి దెబ్బ మీద దెబ్బ. కొట్టిన కొమ్మల్ని సాళ్ళ మధ్యలో పరిచి వదిలేస్తే మట్టికి మంచిదే గానీ జామాయిల్ ఆకు నూనె ఆకు, ఎండితే అగ్గి అంటుకోవడం క్షణం పని, రోడ్డు పక్క తోటలైతే గట్టు వైపు ఉన్నదంతా లోపలికి లాగించండి.

రంపంలో నచ్చనివి కూడా చెప్పాలి. మొత్తం పొడుగు తీస్తే చేపల గాలం కర్రలాగా ఊగుద్ది. బ్లేడు కొమ్మ మీద నిలవదు, జారి కాండానికి గీతలు పెట్టుద్ది, అనుభవం లేని మనిషైతే ఒక్కో చెట్టుకి మూడు నాలుగు చోట్ల బెరడు గీరేస్తాడు. రెండు మడతలు తీసి నాలుగు నాలుగున్నర మీటర్ల దాకా వాడితే దీనంత హాయి ఇంకోటి లేదు, మూడో మడత తీశాక సగం ఆనందం పోద్ది. మడతలు బిగించే ప్లాస్టిక్ క్లిప్పులు ఇంకో బలహీనత, జామాయిల్ బంక, రంపపు పొట్టు కలిసి అందులో ఇరుక్కుని సరిగ్గా బిగవట్లేదు, నాకు వచ్చిన దాంట్లో ఒక క్లిప్పు మొదటి సీజన్లోనే పగిలింది. అమ్మినోళ్ళకి మెసేజ్ పెడితే విడి క్లిప్పు లేదు మొత్తం గొట్టం కొనుక్కోమన్నారు, నాకు చాలా కోపం వచ్చింది ఆ విషయంలో. చివరికి సైకిల్ షాపులో సీటు బిగించే క్లాంపు తెచ్చి వేయించా, ఇప్పుడు దానికంటే గట్టిగా ఉంది.

గొట్టం గుండ్రంగా ఉండటం కూడా లోపమే, కోసేటప్పుడు చేతిలో తిరిగిపోద్ది, బ్లేడు పక్కకి మళ్ళుద్ది. కోడిగుడ్డు ఆకారం గొట్టం ఉన్నవి కూడా అమ్ముతున్నారు, రేటు కొంచెం ఎక్కువైనా అది తీసుకోండి. బరువు తక్కువే అనిపిస్తది పెట్టె తెరిచినప్పుడు, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తల పైకెత్తి లాగితే మెడ, భుజాలు పట్టేస్తాయి, ఇద్దరు మనుషుల్ని పెట్టి మార్చుకుంటా చేయించడం మంచిది. ఒకరు కోస్తుంటే ఇంకొకరు కొమ్మలు లాగి సర్దడం, మళ్ళీ మారడం. మా మేస్త్రి మొదట "ఎందుకయ్యా ఇదంతా, కత్తితో అయితే గంటలో అయిపోద్ది" అన్నాడు, రెండు రకాల కోతలూ పక్కపక్కన చూపించి ఏడాది తర్వాత మళ్ళీ చూపిస్తే, రంపం కోత మూసుకుని గుండ్రంగా మచ్చ మాత్రం మిగిలింది, కత్తి కోత ఇంకా నోరు తెరుచుకునే ఉంది. ఆ తర్వాత ఆయనే రంపం అడిగి పట్టుకెళ్తున్నాడు.

పెట్రోల్ ఇంజన్ పోల్ ప్రూనర్ అద్దెకి తెచ్చుకోవచ్చా అని అడుగుతున్నారు. పెద్ద తోటలకి వేగం ఉంటది నిజమే, కానీ అది చైన్ రంపం, చెయ్యి కొంచెం జారితే కాండంలోకి అంగుళం దిగిపోద్ది, బరువు కూడా మోయలేం. ఎకరానికి నూటికి కొంచెం పైన ఏరిన చెట్లే కదా, వాటికి చేతి రంపం చాలు. పిలకల తోటకి, అంటే ఒకసారి నరికాక మొద్దు నుంచి వచ్చిన రెండో పంటకి, పిలకలు ఏరి ఒకటో రెండో ఉంచడానికి మామూలు కత్తి చాలు, దీంతో పని లేదు. మొక్క మొదటి ఏడులో రెండు మొగలు వేస్తే ఒకటి తీసెయ్యాలి, దానికి కూడా చిన్న కత్తెర చాలు, ఆ పని మాత్రం అందరూ చెయ్యండి, మిల్లుకి వేసినోళ్ళు కూడా.

ఒక ముఖ్యమైన హెచ్చరిక, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇది అల్యూమినియం గొట్టం. మన తోటల మీదుగా 11 కేవీ కరెంటు లైన్లు పోతుంటాయి, బోరు మోటార్ల లైన్లు కిందకి వేలాడుతుంటాయి. లైన్ దగ్గర్లో ఉన్న సాళ్ళలో ఈ రంపం ఎత్తనే ఎత్తొద్దు, తగలక్కర్లేదు, దగ్గరికి పోయినా చాలు. ఆ సాళ్ళలో చెట్లని ఏరిన వాటిలో కలపకండి అంతే. పెట్టెలో ఉన్న కాగితంలో ఈ విషయం ఇంగ్లీషులో ఎక్కడో సన్న అక్షరాల్లో ఉంది, మన కూలీలు అది చదవరు, అమ్మేవాళ్ళు గొట్టం మీదే తెలుగులో పెద్దగా రాసి అంటించాలి. నేను పెయింట్‌తో రాయించా. కళ్ళద్దాలు, తలకి హెల్మెట్ లాంటిది కూడా ఉండాలి, పొట్టు అంతా కళ్ళలోనే పడుద్ది, కొమ్మ నిలువునా మీదకే దిగుద్ది, కోసే మనిషి కొమ్మ కింద కాకుండా పక్కకి నిలబడాలి.

ఆశలు ఎక్కువ పెట్టుకునేవాళ్ళకి ఒక మాట. కొమ్మలు బాగా దించినంత మాత్రాన జామాయిల్ టేకు అయిపోదు. ఈ కర్రలో లోపల బిగువు ఎక్కువ, నరకగానే మొదళ్ళు పగుళ్ళిస్తాయి, లేత మాన్లు కోస్తే పలకలు వంకర తిరుగుతాయి. అందుకే వేసే ముందే మీ దగ్గర్లో కలప అడితి వాళ్ళనీ, కోత మిషన్ వాళ్ళనీ కలిసి ఎంత లావు కావాలి, ఎంత పొడుగు దుంగ కావాలి, ముడి లేనిదానికి రేటు తేడా ఇస్తారా అని అడగండి. తేడా ఇవ్వమంటే ఈ రంపం కొనకండి, కొమ్మలు వాటంతటవే రాలనివ్వండి.

నా మార్కులు అయిదుకి మూడున్నర. బ్లేడుకి అయిదుకి అయిదు, గొట్టానికి మూడు, క్లిప్పులకీ అమ్మకం తర్వాత సర్వీసుకీ ఒకటి. సగం ఎకరమో ఎకరమో కోత కలపకి ఉంచుకున్న రైతుకి ఈ డబ్బుకి ఇది సరైన వస్తువే. కొనేటప్పుడు విడి బ్లేడు అదే సైట్లో దొరుకుద్దో లేదో చూసుకోండి, ఈ బ్లేడు పళ్ళకి మామూలు ఆకురాయి పట్టదు, సాన పెట్టించుకోవడం మన దగ్గర కుదరదు, మొద్దుబారితే మార్చుకోవాల్సిందే. సాయంత్రం పని అవ్వగానే బ్లేడు మీద బంకని కిరసనాయిలో డీజిలో గుడ్డకి తడిపి తుడిచేసి పెడితే రెండు మూడు సీజన్లు వస్తది, తుడవకుండా పాకలో పడేస్తే తెల్లారేసరికి తుప్పు.